చెవుల్లేని మిషను

తొంభైల చివర మా శింగనమల వైపు తిరునాళ్ళకు జాతకం చెప్పే మరమనిషి బొమ్మ ఒకటి వచ్చింది. రేకు ఒళ్ళు, ఛాతీ మీద వెలిగి ఆరే ఎర్ర బల్బులు. హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే మన రాబోయే కాలమంతా చెబుతుందట. పొద్దుగూకే వేళ, దుమ్ములో ఆ దీపాలు చూస్తూ మెలకువలోనే కలగన్నాను. ఇది పెరిగి పెద్దదై ఒకనాటికి మా బడిలో పాఠం చెబుతుందని, మబ్బుల్ని పిలుస్తుందని. పిల్లకాయల ఊహలకు అడ్డూ అదుపూ ఉండదు కదా.

ఆ ఏడూ వేరుశనగ ఎండిపోయింది. ఇంటికి తాళం వేసి బెంగుళూరుకు కూలికి పోదామని నాయన తేల్చేశాడు. అమ్మ ఏమీ అనలేదు. మా ఇంట్లో అమ్మ ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. వెళ్ళేముందు తిరునాళ్ళు చూసిపోదామని వచ్చాం.

బొమ్మను తెచ్చినాయన అమ్మకు హెడ్‌ఫోన్లు తగిలించాడు. చెవులు మూసుకుపోయి తన గొంతు తనకే వినపడలేదేమో, మెల్లగా అడుగుతున్నాననుకుని అందరికీ వినపడేలా అడిగింది.

"ఏమప్పా, ఈయన బెంగుళూరు పోదామంటాండాడు. నాకు పోయేకి మనసు లేదు. ఆ సేను ఇడిసిపెట్టి నేను బతకలేను. పోవల్లనా, ఉండల్లనా?"

చుట్టూ జనం నవ్వారు. వెనక నిలబడి అంతా విన్న నాయన మాత్రం నవ్వలేదు.

తర్వాత నేనూ పెట్టుకుని విన్నాను. లోపల క్యాసెట్టు తిరుగుతోంది. మీ మనసు వెన్న, త్వరలో శుభవార్త వింటారు అని ఒకావిడ మర్యాదగా చెప్పుకుపోతోంది. ఎవరేం అడిగినా అదే. బొమ్మకు చెవులే లేవు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇంటిదారిలో నాయన అడిగాడు. "అంత బాధుంటే ఇంట్లో చెప్పేకి ఏమయింది?"

"నువ్వెప్పుడు నా మాట ఇంటివి?" అంది అమ్మ.

మా చేను దగ్గరికి రాగానే నాయన గట్టు దిగి ఎండిన మొక్కొకటి పీకి చూశాడు. ఆపైన "సరేలే, ఈడనే ఉందాం" అన్నాడు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎలా బతికామని అడగకండి, బతికాం.

ఇప్పుడు నిజంగా వినే మిషన్లు వచ్చాయి. జేబులోనే ఉంటాయి. ఎంత గుసగుసగా అడిగినా వింటాయి, ఓపిగ్గా జవాబిస్తాయి. నా కల నిజమైనందుకు సంతోషమే, భయం కూడా. ఆ బొమ్మకే చెవులుండి, అమ్మ దానికి నాయన చెవిన పడకుండా మెల్లగా చెప్పుకుని ఉంటే, మరునాడు మేం బెంగుళూరు బస్సెక్కి ఉండేవాళ్ళం.