మంచులో లోతు చెప్పిన గొంతు

దయ్యాలంటే నవ్వే ఇంట్లో పుట్టాను నేను. మా తాతా, మావయ్యా గోదావరి మీదే బతికిన మనుషులు. రేవులో ఎవరైనా పడవ దయ్యం కథ మొదలుపెడితే, "ముందు లంగరు సరిగ్గా వేశావో లేదో చూసుకో" అనేవారు. నేనూ అదే తీరు. ఇప్పటికీ ఎవరైనా ఇలాంటి కథ చెబితే మధ్యలో పది ప్రశ్నలు వేసి విసిగిస్తాను. అందుకే నా సొంత అనుభవం రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

తొంభైల చివరి మాట. రాజమండ్రి పాత వంతెన మీద రైళ్ళు ఆగిపోయిన కొత్తలు. ఇంగ్లీషు ఎమ్మే పూర్తిచేసి, ఒక టూరిస్టు ఆఫీసులో గైడుగా చేరాను. జీతం అంతంతమాత్రం, సరదా మాత్రం బోలెడు. గోదావరి గురించి మాట్లాడితే డబ్బులిస్తారంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇంట్లో ఊరికే మాట్లాడితే తిట్టేవారు కదా.

ఆ డిసెంబరులో మాకు మొదటిసారి విదేశీ బృందం వచ్చింది. పదకొండు మంది. అందరూ ప్రపంచం చుట్టినవాళ్ళే. వాళ్ళలో మార్గరెట్ అని డెబ్భై ఏళ్ళావిడ ఉండేది. నైలు నది మీద పడవలో వెళ్ళిందట, పిరమిడ్లు చూసిందట, ఎక్కడో ఎడారిలో ఒంటెల మీద వారం రోజులు తిరిగిందట. ఎక్కడికెళ్ళినా చేతిలో ఒక నోటుబుక్కు. విన్న ప్రతి మాటా తన లిపిలో రాసుకుని, పక్కన టైము వేసేది. నాకు ఆవిడంటే ఒకటే ముచ్చట, దానితోపాటు పౌరుషం కూడా. నైలు చూస్తే చూసింది, మా పాపికొండలు చూశాక మాట్లాడమనండి అనుకున్నాను.

మొదటి రోజు ధవళేశ్వరం ఆనకట్ట చూపించాను. సాయంత్రం ఒడ్డున నిలబడి పాత వంతెన చూస్తూ వాళ్ళు ఫొటోలు తీస్తుంటే, ఆ వంతెన నేనే కట్టించినంత గర్వంగా తిరిగాను. రెండో రోజు పట్టిసీమ రేవు నుంచి లాంచీలో పాపికొండలు. సాయంత్రం ఏడున్నరకి రాజమండ్రిలో వాళ్ళకి రైలు.

లాంచీ సరంగు మా మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు. ముప్పై ఏళ్ళుగా ఆ దారిలో చుక్కాని పట్టినవాడు. ఆయనకి తోడు అప్పన్న బాబాయ్. మాకు చుట్టం కాదు గానీ చిన్నప్పటి నుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. ఆయన పని గెడ వేయడం. లాంచీ ముందు పలక మీద నిలబడి, పొడవాటి వెదురుగెడ నీళ్ళలోకి దించి లోతు చెబుతాడు. "రెండు బారలు", "బారన్నర", "బార" అని. బార అంటే రెండు చేతులూ చాపినంత. అతను ఒకసారి చెప్పగానే సరంగు వెనక నుంచి "ఊఁ" అనాలి. ఆ ఊఁ వినపడేదాకా గెడ మళ్ళీ దించడు. చెప్పింది సరంగు చెవిన పడిందని తెలియాలి కదా. చిన్నప్పుడు లాంచీ ఎక్కితే వాళ్ళిద్దరి మాటలు వింటూ నిద్రపోయేదాన్ని.

ఆ ఉదయం అప్పన్న బాబాయ్ రాలేదు. రాత్రి నుంచి ఒళ్ళు కాలిపోతోందని, లేవలేకపోతున్నాడని తాళ్ళపూడి నుంచి పాలవ్యాను మనిషితో కబురొచ్చింది. దానికితోడు గోదావరి మీద మంచు. రేవు మెట్ల మీద నిలబడితే లాంచీ సగమే కనిపిస్తోంది.

"ఎండ రానియ్యే. గంట ఆగి బయల్దేరదాం" అన్నాడు మావయ్య.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గంట ఆగితే రైలు పోతుంది, ఆఫీసులో నా పరువు పోతుంది, నైలు చూసినావిడకి పాపికొండలు చూపించకుండా పంపాల్సి వస్తుంది. నా బుర్రలో అదే తిరుగుతోంది. "ఈ దారి నీకు కంఠతా వచ్చు కదా మావయ్యా. కళ్ళు మూసుకుని వెళ్తానని ఊరంతా చెప్పుకుంటావు, ఇప్పుడేంటి?" అని అందరి ముందూ దెప్పాను. ఆయన నా వంక ఒక చూపు చూసి, ఇంజను వేయమన్నాడు.

బయల్దేరినప్పుడు ఏడు గంటల ఇరవై నిమిషాలు. లాంచీలో పదకొండు మంది అతిథులు, నేను, మావయ్య, కింద ఇంజను దగ్గర ఒకతను, వెనక వంట చేసే అతను. గెడ పట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఇది గుర్తుపెట్టుకోండి.

పట్టిసీమ గుడి కొండ దాటామో లేదో, మంచు మమ్మల్ని మింగేసింది. నా చెయ్యి నాకు కనిపిస్తోంది, అంతే. అతిథులకి మహా ఉత్సాహంగా ఉంది. మావయ్య ఇంజను వేగం బాగా తగ్గించాడు. ఆ ఏడు వచ్చిన వరదలకి ఇసుక మేటలు ఎక్కడివక్కడ లేవు. కంఠతా వచ్చిన దారి అడుగున మారిపోయింది. మావయ్యకి ఆ సంగతి తెలుసు. నాకు అప్పుడే తెలిసింది, ఆయన మొహం చూసి. ఈ నీళ్ళలో లాంచీ దేనికైనా కొట్టుకుంటే? పదకొండు మందిలో ఈత వచ్చినవాళ్ళెందరో కూడా నేను అడగలేదు.

అప్పుడు ముందు నుంచి వినిపించింది. "రెండు బారలు."

మావయ్య అలవాటుగా "ఊఁ" అన్నాడు. అన్నాక నా వైపు తిరిగాడు. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. మళ్ళీ, "రెండు బారలు." అది అప్పన్న బాబాయ్ గొంతే. పొగాకుకి బొంగురుపోయిన ఆ గొంతు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను.

మార్గరెట్ నా మోచెయ్యి పట్టుకుని, ఆ మనిషి ఏమంటున్నాడని అడిగింది. చెప్పాను. రాసుకుంది. మిగతావాళ్ళూ విన్నారు. ఒకాయన నవ్వుతూ ఆ మాటల్ని వల్లించడం మొదలుపెట్టాడు.

నేను కమ్మీ పట్టుకుని ముందుకి నడిచాను. పలక మీద ఎవరూ లేరు. గెడ దాని చోట తాడుతో కట్టి ఉంది. చేత్తో తడిమి చూశాను. పైన మంచుచెమ్మ ఉంది గానీ, నీళ్ళలో దించి తీసినట్టు చివర కారడం లేదు. నేను అక్కడ నిలబడి ఉండగానే, నాకు రెండడుగుల ముందు, నీళ్ళ మీద ఉత్త మంచులోంచి "బారన్నర" అని వినిపించింది. వెనక నుంచి మావయ్య "ఊఁ" అన్నాడు. భయమేసింది. కానీ నిజం చెప్పాలంటే, ఆ గొంతు వినగానే ప్రాణం లేచొచ్చింది కూడా.

దాదాపు పావుగంట అలా సాగింది. గొంతు చెబుతోంది, మావయ్య ఊఁ అంటున్నాడు, లాంచీ కుడికీ ఎడమకీ మెల్లగా తిరుగుతోంది. తర్వాత "బార" అంది. ఆ వెంటనే, ఎప్పుడూ వినని కంగారుతో, "ఇనుం. అడుగున ఇనుం. ఆపు."

మావయ్య ఇంజను వెనక్కి వేయించాడు. లాంచీ ఒళ్ళంతా అదిరింది, వంటగదిలో గిన్నెలు దొర్లాయి. లంగరు వేశారు. ఈసారి మావయ్య ఊఁ అనలేదు. చూపంతా లంగరు తాడు మీదే ఉంది. ఆ తర్వాత గొంతు వినపడలేదు.

గంటకి పైగా అక్కడే ఉన్నాం. తొమ్మిది దాటాక ఎండొచ్చి మంచు విడింది. మావయ్య గెడ విప్పి ముందుకి చాపి నీళ్ళలో పొడిచాడు. ఠంగుమంది. లాంచీ ముక్కుకి రెండు బారల దూరంలో, జానెడు నీళ్ళ కింద, బళ్ళనీ జనాన్నీ ఏరు దాటించే ఇనుప పంటు అంచు నిలువుగా లేచి ఉంది. ఎగువ రేవులో వరదకి కొట్టుకుపోయిన పంటు అది. అక్కడికొచ్చి కూరుకుపోయిందని రేవుల్లో ఎవరికీ తెలియదు, తర్వాత వాకబు చేశాం. అతిథులు దానికీ ఫొటోలు తీశారు. ఇదంతా మేం ఏర్పాటు చేసిన వినోదమని ఇద్దరు అనుకున్నారు కూడా.

పాపికొండలు చూపించాను. ఎండలో కొండలు రెండూ దగ్గరికొచ్చి గోదావరి సన్నబడే చోట మార్గరెట్ రాయడం మానేసి ఊరికే చూస్తూ ఉండిపోయింది. అంతకన్నా ఏం కావాలి నాకు? కానీ అక్కడ నేను ఏం చెప్పానో గుర్తులేదు. నాలుగింటికి పట్టిసీమ చేరాం. అన్నట్టు, అంత ఆలస్యమైనా వాళ్ళకి రైలు దొరికింది. ఆ గంటేదో రేవులోనే ఆగి ఉంటే సరిపోయేది.

అతిథుల బస్సు తాళ్ళపూడి మీదుగానే వెళ్తుంది. వాళ్ళని రైలెక్కించే పని డ్రైవరుకి అప్పజెప్పి, మావయ్యా నేనూ అక్కడ దిగి అప్పన్న బాబాయ్ ఇంటికి పరుగెత్తాం. వాకిట్లో ఆటో ఆగి ఉంది. ఆయన భార్య మంగ పిన్ని మమ్మల్ని చూడగానే భోరుమంది. మేము ఒక్క ముక్క చెప్పకముందే ఆవిడ చెప్పిన సంగతి ఇది.

"పిల్లలు బడికి తయారయ్యే వేళకి లేచి కూకున్నాడండి అన్నయ్యగారూ. గెడ పట్టుకున్నట్టు చేతులు బిగించి లోతులు చెప్పడం మొదలెట్టాడు. ఒకటి చెప్పి ఆగేవాడు, ఎవరో పలికినట్టు మళ్ళీ చెప్పేవాడు. ఆఖర్ని ఇనుం, ఇనుం, ఆపు అని అరిచాడండి. అంతే, అప్పట్నించీ ఇలాగే."

మంచం మీద బాబాయ్ కూర్చునే ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఎవర్నీ చూడటం లేదు. పిడికిళ్ళు ఒకదాని మీద ఒకటి బిగుసుకున్నాయి. పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్ళు దిగలేదట. డాక్టరు సూది వేసి, లాభం లేదు, రాజమండ్రి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి అన్నాడట. ఒంటి మీద చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టుంది. మనిషి దక్కడనే అనుకున్నాను.

మావయ్య వెళ్ళి మంచం పట్టె మీద కూర్చుని, బాబాయ్ చెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా అన్నాడు. "ఊఁ. ఆపాన్రా. అందరం బావున్నాం."

పిడికిళ్ళు విడిపోయాయి. బాబాయ్ పెద్దగా ఊపిరి వదిలి, మంచినీళ్ళు అడిగి, చెంబెడు తాగి పడుకున్నాడు. ఆటో పంపించేశాం. తెల్లారేసరికి జ్వరం జారింది. ఇది నేను కళ్ళారా చూశాను, ఆ రాత్రి అక్కడే ఉన్నాను కాబట్టి.

మార్గరెట్ తర్వాత ఆ నోటుబుక్కు పేజీ నకలు పంపింది. ఏడూ నలభై నుంచి ఎనిమిదింటికి ఐదు నిమిషాల ముందు వరకూ టైములు వేసి ఉన్నాయి. తెలుగు ఒక్క ముక్క రాని మనిషి "బారన్నర" అని తన లిపిలో రాసుకుంది. భయంతో నేను ఊహించుకున్నానంటే ఒప్పుకుంటాను. ఆవిడ దేనికి భయపడిందని ఊహించుకుంటుంది? పంటు సంగతి బాబాయ్‌కి ముందే తెలుసేమో అనీ అడిగాను. తెలియదన్నాడు. మేం విన్న గొంతు సంగతి మాత్రం ఆయనకి చెప్పలేదు. ఆ పొద్దున జరిగింది ఏదీ ఆయనకి గుర్తు లేదు. ఎన్ని విధాల ఆలోచించినా నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

పది రోజులకి ఆయన మళ్ళీ పనిలోకి వచ్చాడు. ఇంకా నీరసంగానే ఉన్నాడు. రేవులో నన్ను చూసి, "మంచులో గెడ వేసేవాడు లేకుండా ఎలా బయల్దేరారమ్మా?" అని అడిగాడు.

"నేనే తొందరపడ్డాన్లేరా" అన్నాడు మావయ్య, నా వైపు చూడకుండా.

"కాదు బాబాయ్. మావయ్య ఆగుదామన్నాడు. నేనే వినలేదు" అన్నాను.

బాబాయ్ కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. "ఈసారి అలా చెయ్యకండమ్మా. మనిషిని పంపించండి. జ్వరమైనా సరే, నేనొస్తాను" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. ఎందుకేడుస్తున్నానో తెలియక పాపం ఆయన కంగారుపడ్డాడు.