తేడా అన్న మాట

మా ల్యాబు మేడమ్ పోయిన ఆదివారం చనిపోయారు. తిరుపతిలో రక్తపరీక్షలు చేసే ఒక చిన్న ల్యాబులో ఆమె దగ్గర నేను పదకొండేళ్ళు పనిచేశాను. కబురు తెలిసి వెళ్ళేసరికి వాకిట్లో ఉన్నవాళ్ళలో సగం మంది ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే.

"తేడా" అనే మాటను ఆమె ముందు ఊరికే వాడడానికి లేదు. ఒంట్లో తేడాగా ఉందంటాం, నచ్చనివాణ్ణి తేడా మనిషి అనేస్తాం. మిషను ఏదైనా వింత అంకె చూపిస్తే నేనూ "తేడా వచ్చింది మేడమ్" అనేదాన్ని.

"దేనికీ దేనికీ మధ్య?" అని అడిగేవారు. "తేడా అంటే తప్పని కాదు మ్మే. మనం అనుకునింది ఒకటి, కనపడింది ఒకటి. రెండిట్లో ఏది తప్పో ఇంకా తెలీదు, అంతే."

అది నాకు నిజంగా అర్థమైంది తిరుచానూరులో పూలమ్మే ఒకామె వల్ల. గర్భసంచి ఆపరేషనుకు ముందు పరీక్షకని వచ్చింది. ప్లేట్‌లెట్లు ఉండాల్సిన దాంట్లో పదోవంతు కూడా లేవని మిషను చూపించింది. ఆ మాట నేను పైకి అనగానే వెంట వచ్చిన కూతురు ఏడుపు మొదలుపెట్టింది.

"ఒళ్ళు బాగనే ఉండాది గదా తల్లీ, నాకేమైంది?" అని పూలామె నన్నే అడిగింది.

మేడమ్ రిపోర్టు ఆపేశారు. "ఇంత తక్కువుంటే ఒంటి మీద మచ్చలుండాల, చిగుళ్ళలో నెత్తురు రావాల. ఏమీ లేదే?" అంటూ రక్తపు చుక్కను గాజుపలక మీద పూసి మైక్రోస్కోపులో చూశారు. ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుపోయి ఉన్నాయి. రక్తం గడ్డకట్టకుండా గొట్టంలో వేసే మందు ఆమె రక్తానికి పడలేదు. ఆ గుంపుల్ని మిషను లెక్కపెట్టలేకపోయింది. వేరే మందున్న గొట్టంలో మళ్ళీ తీస్తే సరిపడా ఉన్నాయి. ఆపరేషను అనుకున్న రోజుకే జరిగింది. కోలుకున్నాక ఆమె వచ్చి, మేడమ్ వద్దంటున్నా వినకుండా జడలో మల్లెలు పెట్టి వెళ్ళింది.

పోయిన ఏడు మేడమ్ తరచూ అలసిపోతుంటే నేనే పట్టుబట్టి రక్తం తీశాను. తెల్లకణాలు రక్త క్యాన్సరులో ఉన్నట్టు విపరీతంగా వచ్చాయి. మిషను తప్పే అయ్యుంటుందని మళ్ళీ తీశాను, గొట్టం మార్చాను. అదే అంకె. ఆమె ముందుకెళ్ళి "కొంచెం తేడాగా..." అని ఆగిపోయాను. ఈసారి ఆమె ఏమీ అడగలేదు.

స్లైడు తనే పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత లేచి, కుర్చీ నా వైపు జరిపారు.

"రా, కూర్సో. ఇట్లాంటి కణాలు నువ్వు పుస్తకంలోనే సూసుంటావు. బాగా సూడు."

కూర్చున్నాను. కళ్ళలో నీళ్ళు. "ఏమీ కనపడడంలేదు మేడమ్" అన్నాను.

ఆమె నా భుజం మీదుగా వంగి, మైక్రోస్కోపు మర నెమ్మదిగా తిప్పుతూ, నాకు కనపడేదాకా అలాగే నిలబడ్డారు.