డప్పు కొట్టించిన సభ

తెలకపల్లి దగ్గర ఒక ఊళ్లో పంచాయతీ కార్యదర్శిగా పనిచేసిన రోజులవి. గ్రామసభ పెట్టాలంటే ముందుగా నోటీసు అంటించాలి, వాడవాడకూ డప్పు చాటింపు వేయించాలి. ఆ సంగతి నాకు తెలియక కాదు. సర్పంచి ఇంట్లో చాయ్ తాగుతూ పక్కా ఇళ్ల జాబితా రాసి, రిజిస్టరు కొన్ని ఇళ్లకు తిప్పి సభ జరిగినట్టు వేలిముద్రలు వేయించుకోవడం సులువు. అట్లాగే చేశాను.

ఊరి చివరి వాడలో ఒక కూలి మనిషి ఉండేది. మొగుడు పోయాడు. వానకు గోడ కూలితే ప్లాస్టిక్ పట్టా కట్టుకొని బతుకుతోంది. జాబితాలో ఆమె పేరు లేదు. ఎవరితో రాయించిందో ఏమో, మండలాఫీసులో అర్జీ ఇచ్చింది. ఆమెనూ నన్నూ పిలిపించారు.

"మా వాడల డప్పే గొట్టలే సారూ. మాకు తెల్వకుండ సభ ఎట్లయితది?" అంది.

అధికారి రిజిస్టరు నా మీదికి విసిరాడు. "ఇది చెల్లదు. రూలు ప్రకారం మళ్ల పెట్టు" అన్నాడు, ఆమె ఎదుటే. నాకు ఒళ్లు మండిపోయింది.

సరే, రూలంటే రూలే. బడి గోడకూ, రేషన్ దుకాణానికీ నోటీసు అంటించాను. డప్పు కొట్టే మనిషి వెంట నేనే నడిచి, ఆమె గుడిసె ముందు రెండుసార్లు కొట్టించాను. ఈలోగా జాబితా పంపే గడువు దాటిపోయి, మా ఊరికి రావలసిన ఇళ్లు వేరే ఊరికి వెళ్లాయి. అది తెలిసీ ఎవరికీ చెప్పలేదు.

సభకు జనం విరగబడి వచ్చారు. ఆమె ఉతికిన చీర కట్టుకొని ముందు వరసలో కూర్చుంది. ఇళ్లు రద్దయ్యాయని చెప్పాను. ఎందుకని అందరూ మీద పడ్డారు. అప్పుడు ఆమె అర్జీ తీసి చదివాను. కింద వేలిముద్ర ఎవరిదో కూడా చెప్పాను.

మొదట లేచింది ఆమె తోటికోడలే, జాబితాలో తన పేరుంది. "నీకు రాకుంటె మాకు గూడ రావద్దని జేసినవా?" అంటూ ఆమె జుట్టు పట్టుకుంది.

"నా పేరు గూడ రాయాలనే అర్జీ వెట్టిన. సారూ, జర మీరన్న చెప్పుండ్రి" అని ఆమె నన్నే చూసింది. నేను తలెత్తకుండా తీర్మానం రాసుకున్నాను.

ఆ వానాకాలం వాడలో ఒక్కరూ ఆమెను చూరు కిందికి రానివ్వలేదు. కొల్లాపూర్ వైపు కూలికి వెళ్లిపోయిందన్నారు.

అర్జీని సభలో చదవాలని ఏ రూలూ లేదు. నా కడుపుమంట చల్లారాలని చదివాను.