సరంగుగారబ్బాయి సన్మానపత్రం

ఆ రోజుల్లో, అంటే ఇళ్లలోకి టెలిఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న కాలంలో, మా గోదావరి జిల్లాల్లో ఓ మోస్తరు పేరున్న మనిషి సన్మానం తప్పించుకు తిరగడం చాలా కష్టంగా ఉండేది. పోస్టుమాస్టరుగారు రిటైరైతే సన్మానం, పశువుల డాక్టరుగారికి బదిలీ అయితే సన్మానం, ఆ బదిలీ ఆగిపోతే ఆగినందుకు ఇంకో సన్మానం. దానికి కావలసినవి మూడు: శాలువా, పూలదండ, ఫ్రేము కట్టించిన సన్మానపత్రం. మొదటి రెండూ బజార్లో దొరుకుతాయి. మూడోదాని కోసం మాత్రం ఊరి తెలుగు మాస్టారి గుమ్మం తొక్కాల్సిందే. ఏటిగట్టు పక్కనున్న ఆ ఊరి హైస్కూల్లో కొత్తగా చేరిన తెలుగు మాస్టారిని నేనే. ఇరవై నాలుగేళ్లు. పంచె కడితే తప్ప తెలుగు మాస్టారని ఎవరూ నమ్మరేమోనన్న భయంతో పంచె కట్టేవాణ్ణి. అది ఎప్పుడు ఊడుతుందోనన్న భయం అదనం.

నా దగ్గర మూడు మూసలు ఉండేవి. చదువు చెప్పినవారైతే అపర బృహస్పతి, మందిచ్చినవారైతే అపర ధన్వంతరి, కాలువ తవ్వినా బోరు వేసినా అపర భగీరథుడు. ఈ మూడింటితో ఊరంతటినీ చుట్టేయొచ్చని ధీమాగా ఉన్న నా దగ్గరికి ఒకరోజు ప్రెసిడెంటుగారు (పంచాయతీకీ, మా స్కూలు కమిటీకీ కూడా ఆయనే) పోయినేటి పేపరొకటి పట్టుకుని వచ్చారు. "మాస్టారూ, మనూరి సరంగుగారబ్బాయి హిమాలయాలెక్కేశాడండి. తల్లిని చూడ్డానికి సెలవు మీద వచ్చాడు. వెళ్లిపోయేలోగా సన్మానం చేసేద్దాం. మీరు ఘనంగా రాయాలి" అన్నారు. కొండలెక్కేవారికి నా దగ్గర మూస లేదు. మా ఊళ్లో అన్నిటికంటే ఎత్తైన చోటు ఏటిగట్టు. దాని మీదికి సైకిలు తొక్కితేనే నాకు ఆయాసం వచ్చేది.

"అపర హనుమ అని రాసెయ్యండి, పోద్ది" అని సలహా ఇచ్చారు డ్రిల్లు మాస్టారు. హనుమంతుడు కొండ ఎక్కలేదండీ, ఎత్తుకొచ్చాడు అన్నాను. "పోనీ పాండవులు హిమాలయాలెక్కారుగా?" అన్నారు. ఎక్కారు గాని, ధర్మరాజు తప్ప అందరూ దారిలోనే పడిపోయారు. ఆయన వెనక్కి తిరిగి చూడకుండా పైకి వెళ్లిపోయారు. శుభమా అని సన్మానం చేస్తూ అది చదవడం బాగుండదు. చివరికి పైన ఎర్రటి పెద్దక్షరాలతో 'శిఖరాగ్ర విజేత' అని రాయించి, వివరాల కోసం మధ్యలో నాలుగు లైన్లు ఖాళీ వదలమని పెయింటరుకి చెప్పాను. ప్రెసిడెంటుగారు ఆ ఎర్రక్షరాలు చూసి మురిసిపోయారు. "తండ్రి మధ్యలో తిప్పేశాడు గాని, కొడుకు చివరంటా వెళ్లాడండి. ఆ ఇంటికి పట్టిన మచ్చ పోయింది" అన్నారు. ఆ తిప్పేయడమేంటో అప్పుడు నాకు తెలీదు.

డ్రిల్లు మాస్టారే తర్వాత చెప్పారు. పాతికేళ్ల కిందట ప్రెసిడెంటుగారు పెళ్లికొడుకై, బుగ్గన చుక్కతో, బాజాభజంత్రీలతో లాంచీ ఎక్కారట. పెళ్లి అవతలి ఒడ్డున. నది మధ్యకి వెళ్లాక గాలి లేచింది. లాంచీ నడిపే సరంగు అవతలి రేవు కనబడుతుండగానే లాంచీ తిప్పి, ఎక్కినచోటే దింపేశాడు. ఎవరెంత తిట్టినా, పెళ్లికొడుకు తండ్రి చెయ్యెత్తినా మళ్లీ స్టార్టు చేయలేదు. ముహూర్తం దాటిపోయింది. మర్నాడు ఇంకో ముహూర్తానికి పెళ్లి జరిగింది గాని, ప్రెసిడెంటుగారికి 'ముహూర్తం దాటిన పెళ్లికొడుకు' అన్న పేరు స్థిరపడిపోయింది. వాళ్లావిడకి కోపం వస్తే, "ఆవేళ లాంచీ తిరిగిపోయినప్పుడే నేను అర్థం చేసుకోవాల్సింది" అంటారట. ఆ సరంగుకి మాత్రం 'పిరికి సరంగు' అన్న పేరు మిగిలింది. పోయేదాకా ఆ పేరుతోనే బతికాడు. ఇప్పుడు మేం సన్మానం చేయబోయేది ఆయన కొడుక్కి.

ఖాళీ వదిలిన నాలుగు లైన్ల కోసం నేను సరంగుగారబ్బాయి ఇంటికి వెళ్లాను. ముప్పై అయిదేళ్లుంటాయి. నల్లగా, పొట్టిగా, మాట తక్కువ. పద్దెనిమిదేళ్లప్పుడు మిలిటరీలో చేరి, మంచు కొండల మీద డ్యూటీ పడి, ఎక్కడం అక్కడే నేర్చుకుని, ఇప్పుడు కొండలెక్కేవాళ్లకి దారి చూపించే గైడుగా ఉంటున్నాడు. ఇంతా రాబట్టడానికి రెండు గ్లాసుల టీ పట్టింది. అసలు కొండెక్కడం ఎలా ఉంటుందండీ అని అడిగితే, "చెప్తే తెలీదండి మాస్టారూ. ఆదివారం ఖాళీయేనా?" అన్నాడు. కవిహృదయం కదా, ఖాళీయే అన్నాను.

రాజమండ్రి దాటి ఎగువకి వెళ్తే గోదావరి ఒడ్డునే కొండలు మొదలవుతాయి. బస్సు దిగి, ఒక నున్నటి నల్లరాతి కొండ ముందు నిలబెట్టాడు నన్ను. నా పంచెని ఒక్కసారి ఎగాదిగా చూసి, తనే గోచీ పోసి బిగించి, నడుముకి తాడు కట్టాడు. తర్వాత చెప్పులు విప్పి, రాతి మీద అరచేయి ఆనించి, ఆ చేతిని కళ్లకద్దుకున్నాడు. మా రేవులో లాంచీ ఎక్కేముందు సరంగులు ఏటినీళ్లు ముట్టుకుని ఇలాగే కళ్లకద్దుకునేవారు. అప్పుడు చూశాను, ఆయన కుడికాలికి మూడు వేళ్లు లేవు.

ఆ ఏడు వేళ్లతో ఆయన ఆ రాయిని ఎక్కిన తీరు నేను ఈ జన్మలో మరిచిపోను. తొందర లేదు, బలం చూపించడం లేదు. వేలితో రాయిని తడిమి, ఆగి, ఒప్పుకుందా అని అడిగినట్టు చూసి, అప్పుడు బరువు మోపేవాడు. నేను ఇన్నాళ్లూ అపర అపర అంటూ రాసినవన్నీ సిగ్గుతో గుర్తొచ్చాయి. కొంత పైకి వెళ్లి, తాడు బిగించి నన్ను పిలిచాడు. మీకు నమ్మకం కలగకపోవచ్చు గాని, నేను ఎక్కాను. చాలా దూరమే ఎక్కాను. ఒకచోట ఆయన పక్కకి చేరి తల తిప్పి చూస్తే, కింద గోదావరి. రోజూ గట్టు మీంచి చూసే ఏరే. అంత పెద్దదని, అంత నెమ్మదిగా వెళ్తుందని, దాని ముందు నేనింత చిన్నవాణ్ణని నాకు తెలీదు. కళ్లంట నీళ్లొచ్చాయి. ఆ వెంటనే నా ఎడమకాలు కుట్టుమిషను మాదిరిగా టకటకా కొట్టుకోవడం మొదలెట్టింది.

ఆయన ఆ కాలు వైపు ఒక్క క్షణం చూశాడు. "దిగిపోదాం మాస్టారూ" అన్నాడు.

"అదేంటండీ, ఇంకా నాలుగు బారలే కదా!" అన్నాను. నిజంగానే కొండ కొస కనబడుతోంది. అక్కడో చిన్న గడ్డిపరక ఊగడం కూడా కనబడుతోంది. పౌరుషం వచ్చేసింది నాకు. సోమవారం స్టాఫ్ రూంలో ఏం చెప్పుకోను?

"ఆ నాలుగు బారల్లోనేనండి మనుషులు పోయేది" అన్నాడు. గొంతు పెంచలేదు. తాడు పైన ఓ రాతికి మెలేసి, తను నా కిందికి దిగి, ఒక్కో అడుగూ నా పాదాన్ని తన చేత్తో పట్టుకుని రాతి మీద పెడుతూ దింపాడు. (తెలుగు మాస్టారి పాదాలు అంతసేపు పట్టుకున్నవాడు మా బళ్లో పిల్లల్లో కూడా లేడు.) నేల మీద కూర్చుని మంచినీళ్లు తాగుతుంటే, పేపర్లో రాని సంగతి చెప్పాడు. ఆయన ఆ శిఖరం ఎక్కలేదు. నలుగురిని తీసుకెళ్లాడు. కొస కనబడుతుండగా వాళ్లలో ఒకాయనకి ఊపిరి అందలేదు. అందరినీ తిప్పేసి, ఆయన్ని వీపున వేసుకుని కిందికి మోసుకొచ్చాడు. కాలివేళ్లు ఆ మంచులోనే పోయాయి. నలుగురూ బతికారు. పేపరువాళ్లు మాత్రం ఎక్కేశాడని రాసేశారు.

"ఎక్కానని మీరు చదివితే మా అమ్మ ముందర తలెత్తుకోలేనండి. నేను తిరిగొచ్చేశానని ఆవిడకి చెప్పాను. మీ నాన్న పోలికేరా అని నవ్వింది. ఆ మాట నాకు చాలండి. కానీ ఊరు నాన్నని పిరికోడంది కదా, నన్నూ అంటే ఆవిడ తట్టుకోలేదు. ఈ సన్మానం మానిపించెయ్యండి మాస్టారూ" అన్నాడు.

మానిపించడం నావల్ల ఎక్కడవుతుంది! షామియానా వేసేశారు. మైకు సెట్టు వచ్చేసింది. ఎర్రక్షరాలు ఎండిపోయాయి. నాకున్నదల్లా ఆ నాలుగు ఖాళీ లైన్లే. ఆ రాత్రి వాటిని నింపి, పెయింటరుకిచ్చి రాయించి, అద్దం బిగించాం.

సోమవారం సాయంత్రం రేవు పక్కనే సభ. ముందు వరసలో సరంగుగారి భార్య, తెల్లచీరలో, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ముఖ్య అతిథిగా వచ్చిన తహసీల్దారుగారికి శాలువా కప్పడం అయింది. నేను ఫ్రేము పట్టుకుని మైకు ముందు నిలబడ్డాను. ఎర్రక్షరాలకి అరచేయి అడ్డం పెట్టి, వాటి కిందున్న నాలుగు లైన్ల నుంచి మొదలెట్టాను. నా గొంతు ఆ కొండ మీద నా ఎడమకాలులాగే ఉంది. "పడినవారిని విడిచి పైకి వెళ్లినవారి కథ మనకు తెలుసు. పడినవాని కొరకు పైకి వెళ్లుట మానుకొన్నవారు వీరు. శిఖరము కనుచూపు మేరలో నుండగా వెనుదిరిగి, నలుగురిని ప్రాణములతో దించినవారు వీరు. ఈ విద్య వీరికి తండ్రిగారి లాంచీలో అబ్బినది."

 ప్రెసిడెంటుగారు శాలువా పట్టుకుని లేచి నిలబడ్డారు. మొహం కందిపోయింది. ఆ నెల జీతం, ఆ తర్వాత నెలల జీతాలూ నా కళ్లముందు తిరిగాయి. "అంటే, ఎక్కలేదా?" అన్నారు.

"ఆయ్, లేదండి" అన్నాడు సరంగుగారబ్బాయి, లేచి నిలబడి.

"ఎంత దూరంలో తిరిగావు?"

"మన రేవులోంచి అదిగో ఆ కట్టేసిన పడవ దాకా ఉంటాదండి."

ప్రెసిడెంటుగారు ఆ పడవ వైపు తిరిగి చూశారు. ఆయన తనలో తాననుకున్నది మైకు పట్టేసి ఊరంతటికీ వినిపించింది. "మా లాంచీ కూడా అంత దూరంలోనే ఉందండి, అవతలి రేవుకి. ఆవేళ మా వెనక బయల్దేరిన కొబ్బరికాయల పడవ మర్నాడు బోర్లా పడి దొరికింది. అది చూసొచ్చి కూడా నేను ఆయన్ని తిడుతూనే ఉన్నానండి. పాతికేళ్లు." ఆ తర్వాత స్టేజీ దిగి వెళ్లి, ఆ శాలువా సరంగుగారి భార్య భుజాల మీద కప్పారు. "ఇది ఆయనకమ్మా" అన్నారు. ఆవిడ శాలువా అంచు కళ్లకి అడ్డం పెట్టుకున్నారు. అక్కడ ఏడవనివారు డ్రిల్లు మాస్టారొక్కరే. ఎందుకంటే ఆయన అప్పటికే ఇంకో సమస్యలో ఉన్నారు. సన్మానం పొందాల్సిన మనిషికి శాలువా లేదు. చివరికి తహసీల్దారుగారే తన శాలువా తీసి ఇచ్చారు. నేను ఫ్రేము అందిస్తుంటే ఎర్రక్షరాలు బయటపడ్డాయి. ప్రెసిడెంటుగారు తన మెడలో దండ తీసి వాటి మీద వేశారు.

ఆ మధ్య ఆ ఊరు వెళ్లినప్పుడు చూశాను. ఫ్రేము ఇంకా వాళ్లింటి గోడకే ఉంది. బంతిపూల దండ స్థానంలో ప్లాస్టిక్ దండ, అవే అక్షరాల మీద. ఆయన ఇంకా కొండల మీదే ఉన్నారట, కుర్రాళ్లకి నేర్పుతూ. నేను ఆ తర్వాత చాలా సన్మానపత్రాలు రాశాను గాని, విజేత అన్న మాట మళ్లీ వాడలేదు. ఇప్పుడు నాకు యాభై దాటాయి, మోకాళ్లు అరిగాయి. మొన్న ద్వారకా తిరుమల మెట్లు సగం ఎక్కి, ఎడమకాలు పాత పాట మొదలెట్టగానే, దిగిపోదాం అన్నాను మా ఆవిడతో. వెనుదిరగడం ఎంత గొప్ప విద్యో కూడా వివరించాను. ఆవిడ అంతా విని, "ఆ మహానుభావుడు మనిషిని మోసుకుని దిగాడండీ. మీరు నా చేతికి సంచి ఇచ్చి దిగుతున్నారు" అంది. సంచి తీసుకున్నాను. దిగుతూ ఆ నల్లరాతి కొండనీ, కొసన ఊగిన ఆ గడ్డిపరకనీ తలుచుకున్నాను. ఆ నాలుగు బారలూ నేను ఇప్పటికీ ఎక్కలేదు. ఎక్కలేదు కాబట్టే ఇవాళ మీకు చెప్పగలుగుతున్నాను.