గొంతు పోయిన కంప్యూటర్లు

చూపులేనివాళ్ల గ్రంథాలయంలో కంప్యూటర్ల గది చూసుకునే ఆవిడను వెనకాల అందరూ నిప్పుల కుంపటి అంటారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. కోపం ముక్కు మీదే ఉంటుందన్నది నిజమే. కానీ పద్నాలుగేళ్లలో అది చదువుకోవడానికి వచ్చినవాళ్ల మీదకు ఒక్కసారీ మళ్లలేదు.

గదిలో లినక్స్ అనే ఉచిత వ్యవస్థతో నడిచే కంప్యూటర్లు పదకొండు. తెర మీద ఉన్నది చదివి వినిపించే గొంతు ఒకటి వాటిలో ఉంటుంది. అక్కడికి వచ్చేవాళ్లకు ఆ గొంతే ఆధారం.

ఒక సోమవారం పొద్దున ఎప్పటిలాగే అందరికంటే ముందు వచ్చినవాడు, టెలిఫోన్ ఆపరేటర్‌గా చేసి రిటైరైన పెద్దాయన. తన ఉద్యోగపు రోజుల గురించి పుస్తకం టైపు చేసుకుంటున్నాడు. కూర్చుని మీట నొక్కాడు. ఆగాడు. మళ్లీ నొక్కాడు.

"అమ్మాయ్, ఇది మాట్లాడటం లేదు," అన్నాడు.

పక్కదీ మాట్లాడలేదు. పదకొండూ మూగబోయాయి.

ఆవిడ కారణం వెతకక్కర్లేకపోయింది. లినక్స్‌కు సాఫ్ట్‌వేర్ రిపాజిటరీలనే గోదాముల నుంచి వస్తుంది. అసలు సంస్థ గోదాము ఒకటుంటుంది. అది చాలదన్నట్టు ఎవరైనా సొంతంగా ఒకటి తెరిచి, మా సరుకూ తీసుకోండి అనొచ్చు. కిందటేడు గ్రంథాలయం సూపరింటెండెంటు తోడల్లుడు చుట్టపుచూపుగా వచ్చి, ఈ గొంతు రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టుందని నవ్వి, తేనెలాంటి గొంతు ఇస్తానని అలాంటి బయటి గోదామొకటి అన్నింటికీ తగిలించి పోయాడు. దాన్ని నడిపే మనిషి తర్వాత వదిలేశాడు. సరుకు నమ్మదగిందేనని దాని మీద వేసే ముద్రకు గడువు తీరిపోయింది. రెండు నెలలుగా ప్రతి అప్‌డేట్‌కూ హెచ్చరిక వస్తూనే ఉంది. తీసేద్దామని ఆవిడ రెండుసార్లు అడిగింది. మావాడు వచ్చినప్పుడు చూస్తాడులే అన్నాడు సూపరింటెండెంటు. ఈలోగా అసలు గోదాము సరుకు కొత్తదవుతూ వచ్చింది, బయటి గొంతు పాతదిగానే ఉండిపోయింది. ఆదివారం నాటి అప్‌డేట్‌లో రెండింటికీ పొసగక గొంతే ఊడిపోయింది.

సూపరింటెండెంటు తోడల్లుడికి ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టాడు. ముద్ర చూడకుండా తీసుకోమని ఫైల్లో ఒక్క ముక్క రాస్తే చాలట. దానికింత రాద్ధాంతమెందుకట.

"రెండు నిమిషాల పనంటున్నాడు కదమ్మా, చేసేయ్."

"ఆ గోదాము తాళాలు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయో ఆయనకే తెలీదు సార్. ఎవరేం పంపినా కళ్లు మూసుకుని తీసుకోమంటున్నాడు. ఇక్కడివాళ్లు ఇంటి ఉత్తరాలు, డాక్టర్ల కాగితాలు ఈ కంప్యూటర్లలోనే చదువుకుంటారు. నేను చెయ్యను."

కోపం తగ్గించుకోమని సలహా ఇచ్చాడాయన. ఆ మాటతో ఒళ్లు మండిపోయి, ఆవిడ కంప్యూటర్ల గదిలోకి వచ్చేసింది.

మొదటి కంప్యూటర్‌లో గోదాముల జాబితా తెరిచి, బయటిదాని పేరున్న వరుసను పనిచేయకుండా చేసింది. దాని ముద్రను గుర్తుపట్టే తాళంచెవిని చెరిపేసింది. సరుకుల జాబితా మళ్లీ తెప్పిస్తే హెచ్చరిక లేదు. అసలు చిక్కు ఆ తర్వాతే. బయటి నుంచి వచ్చి లోపల పాతుకుపోయిన సరుకంతా తీసి, ఒక్కొక్కదాని చోట అసలుది పెట్టాలి. విసురుగా ఆజ్ఞ టైపు చేస్తే, తీసేయబోయేవంటూ నలభైకి పైగా పేర్లు వచ్చాయి. సరేనని నొక్కి ఉంటే తెరను నడిపే సరుకు కూడా పోయేది. చేతులు వెనక్కి తీసుకుని, మొదటి పేరు నుంచి చదవడం మొదలుపెట్టింది. ఆ ఒక్క కంప్యూటర్‌కే మూడు గంటలు పట్టింది.

పెద్దాయన ఇంటికి పోలేదు. పక్క కుర్చీలో చేతికర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"వాడు ఆ గోదాము తగిలించినప్పుడు పాస్‌వర్డ్ కొట్టింది నేనే బాబాయ్," అంది ఆవిడ, తెర మీద నుంచి చూపు తిప్పకుండా. "మనవాడేనమ్మా అన్నారు సార్, కొట్టేశాను. నా కోపంలో వాడి మీద సగమే, మిగతా సగం నా మీదే."



"కొట్టకుండా ఉండాల్సింది," అన్నాడు పెద్దాయన.

ఆవిడను ఓదార్చే ఓపిక ఆయనకు లేదు. ఆయనకూ కోపంగానే ఉంది. నాలుగు అధ్యాయాలు ఆ డబ్బాలో ఉండి, ఒక్క అక్షరమూ వినే దారి లేకుండా పోయింది. ఆ మాటకు ఆవిడ నొచ్చుకోలేదు. పొద్దుట్నుంచీ తనతో సూటిగా మాట్లాడింది ఆయనొక్కడే అనిపించింది.

బుధవారం మధ్యాహ్నానికి పదకొండూ పాత గొంతుతోనే పలికాయి. తేనె గొంతే బాగుండేదని, అక్కడ చదువుకోవడానికి వచ్చే సంగీతం టీచరు గొణిగింది. అదెందుకు పోయిందో ఆవిడ ఆమెకు ఓపిగ్గా చెప్పింది.

సాంకేతిక లోపం అని రెండు ముక్కలు రాసివ్వమన్నాడు సూపరింటెండెంటు. ఆవిడ పేజీన్నర రాసింది. బయటి గోదాము తగిలించింది ఎవరు, పాస్‌వర్డ్ కొట్టింది తనేనన్న సంగతి, తను ఏ తేదీల్లో ఎవరికి చెప్పింది, ఏం జవాబొచ్చింది, అన్నీ రాసి సంతకం పెట్టింది. ఇది పైకి పంపడం కుదరదన్నాడాయన. ఒక కాపీ పొద్దున్నే పంపేశానంది.

తర్వాత నెల రోజులు ఆయన ఆవిడతో నేరుగా మాట్లాడలేదు. ఏం కావాలన్నా అటెండరు చేత చీటీ పంపేవాడు. ఆవిడ ప్రతి చీటీ వెనకా జవాబు రాసి, తేదీ వేసి, తిప్పి పంపేది.