పిట్టల కాళ్ల చీటీలు

పదకొండు పిట్టలు ఏ అడవివో ఇక ఎవరికీ తెలియకుండా చేసిన ఘనత నాది. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఆ రోజు మా మ్యూజియం మేడమ్ ముఖం ఇంకా కళ్ల ముందే ఉంది, అందుకే చెబుతున్నాను.

జువాలజీ డిగ్రీ అయ్యాక, మావాళ్లు బతుకుతెరువుకు వచ్చిన సూరత్‌లోనే ఒక కాలేజీ మ్యూజియంలో పని దొరికింది. ఎప్పుడో ఎవరో సేకరించిన పక్షులు అక్కడ సొరుగుల్లో ఉండేవి. లోపల దూది కూరి, వెల్లకిలా పడుకోబెట్టి, కాలికి చీటీ కట్టి ఉంచారు. మొదటి సొరుగు లాగగానే నాకు నవ్వాగలేదు. చీటీల మీద ఇంగ్లిషు అక్షరాల్లో ‘పిట్టా’ అని ఉంది. వేడి దేశాల అడవుల్లో నేల మీద గెంతుతూ పురుగులు ఏరుకుతినే ఈ పక్షుల ప్రజాతికి మన తెలుగు మాటే పెట్టారట.

మ్యూజియం చూసుకునే మేడమ్ గుజరాతీ ఆవిడ, నాతో హిందీలో మాట్లాడేవారు. “ఇవన్నీ ఇప్పుడు ఒకే ప్రజాతి కాదు. జన్యువులు చూసి మూడుగా విడదీశారు. ఎర్ర పొట్టవి చాలావరకు ఒకటి, ఆడా మగా వేరే రంగుల్లో ఉండేవి ఇంకొకటి, మిగిలినవే పిట్టా. ముందు ఎర్ర పొట్టవాటికి కొత్త చీటీలు కట్టు” అని కొత్త పేర్ల జాబితా చేతిలో పెట్టి రెండు రోజులు సెలవు మీద వెళ్లారు. మన మాట ఇన్ని పక్షులకు ఊడిపోయిందా అని నాకు ఒళ్లు మండింది. అయినా పనికి కూర్చున్నాను.

సూరత్‌లో మేముండే పేట పర్వత్ పాటియా, అక్కడ మా ఇంటి నిండా చీరల కట్టలే. నాన్న మరమగ్గాల మీద పనికి వెళితే, అమ్మ రింగ్ రోడ్ మార్కెట్ నుంచి వచ్చిన చీరలకు చీటీలు మార్చేది. పాతది కత్తిరించాలి, కొత్తది కుట్టాలి. పాతది ఉంటే సరుకు ఏ కార్ఖానాదో కొనేవాళ్లకు తెలిసిపోతుంది, చీరలు పంపే సేఠ్ ఊరుకోడు. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి నేనూ కత్తెర పట్టేదాన్ని. మ్యూజియంలోనూ ఆ చేతులే పని చేశాయి. పదకొండు పిట్టల పాత చీటీలు కత్తిరించి చెత్తబుట్టలో వేసి, గుండ్రటి అక్షరాలతో కొత్తవి రాసి కట్టాను.

మేడమ్ వచ్చి సొరుగు తెరిచారు.

“పాతవి ఏవి?”

“తీసేశాను మేడమ్.”

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“కొత్తది పాతదాని పక్కన కడతారు. పాతది ఎన్నడూ తీయరు. ఏ దీవిలో, ఏ అడవిలో దొరికిందో దాని మీదే ఉంటుంది. ఈ ఎర్ర పొట్టవాటిని దీవికొక జాతిగా మళ్లీ విడదీస్తున్నారు. ఇప్పుడు వీటిని ఎందులో పెడదాం?”

రిజిస్టర్లో ఉండదా అని అడిగాను. అది ఏనాడో చెదలు తినేశాయట. చెత్తబుట్ట దగ్గరికి పరుగెత్తాను. చెత్తబండి ముందు రోజే వచ్చి వెళ్లింది.

ఇంటికి వెళ్లి గోడకు ఆనుకుని కూర్చుంటే అమ్మ చూసింది. “ఏందే, గట్ల కూసున్నవ్?”

చెప్పాను.

“పాత చిట్టి తీస్తే తప్పేంది? మనం రోజూ జేసేది గదే గద!” అని నవ్వబోయి ఆగిపోయింది. “అంటే... అవి యాడికెల్లి అచ్చినయో ఇగ ఎవ్వలికీ తెల్వదా?”

తెలియదన్నాను. అమ్మ నోటి మీద చేయి వేసుకుంది. ఆ సాయంత్రం మళ్లీ కత్తెర ముట్టలేదు.

మర్నాడు మేడమ్ పదకొండు ఖాళీ చీటీలు నా ముందు పెట్టారు. దొరికిన చోటు తెలియదు అని రాయించారు. ఎందుకు తెలియదో కూడా రాయమన్నారు, ముందు ముందు చూసేవాళ్లు వెతుక్కుంటూ కూర్చోకూడదని. పాత చీటీ కత్తిరించి పారేశారు అని రాసి, కింద నా పేరు, తేదీ వేశాను. ఒక్కొక్క పిట్ట కాలికీ నా చేత్తోనే కట్టాను. ప్రజాతి పేరు రేపు మళ్లీ మారవచ్చు. నా చీటీని మాత్రం ఎవరూ తీయరు.