గంజి పెట్టిన నూలు

ఎమ్మిగనూరు నేతగాడు బసవన్న నలభై ఏళ్లు గుంటమగ్గంలో కాళ్లు దించుకుని కూర్చున్న మనిషి. చీరెలు అడిగేవారు తగ్గి మగ్గం నిలిచిన నాటినుంచి ఆ కాళ్లు నిలవలేదు. వారానికొకసారి బస్సెక్కి ఆదోని దాటి, అడవికొండల్లో తిరిగి వచ్చేవాడు. అక్కడ ఏముందని అడిగితే "రాళ్లు" అనేవాడు.

ఆ జవాబు భార్య మహాదేవమ్మకు ఎన్నడూ రుచించలేదు. కార్తీకంలో ఒకనాడు తానూ బయలుదేరింది.

మూరెడు మొనమీద నిలిచిన ఇంటంత గుండు. ఉల్లిపొరల్లా పెచ్చులు ఊడిన బండ. రెండింటి నడుమ ఇరుక్కుని గాలిలో ఆగిన మూడోది. పగుళ్లలో నీరు దిగి, ఎండకూ చలికీ మూలలు రాలి ఏర్పడిన గుండ్రాళ్లవి. బసవన్న ప్రతి గుండు కిందా వేళ్లు దూర్చి, అది ఎంతమేర ఆని ఉందో చూసేవాడు.

"ఎవరో పేర్చినట్ల లేదూ?"

"పేర్చినోనికీ నీ మాదిరే పనిలేదేమో."

అలా అన్న కాసేపటికే ఆమె కాలు జారింది. మడమ వాచింది, నిలబడలేకపోయింది. అక్కడ ఫోను పలకదు. ఆమెను బండ నీడన కూర్చోబెట్టి, నీళ్లసీసా చేతికిచ్చాడు.

"ఆడాడ తిరగాకు. మనిషిని పిలుసుకొని బిరీన రా" అంది ఆమె.

తెగిన పోగులు అతికేందుకు మొలలో ఉంచుకునే నూలును బసవన్న ఇంకా వదల్లేదు. మలుపు మలుపుకూ ఒక పొదకు తెల్లని పోగు కడుతూ దిగాడు. బండిబాట మీద ఎంతసేపు చూసినా ఎవరూ రాలేదు. చివరికి తాను కొండ దిగిన దారినే మేకలను దించుకుంటూ గిడ్డయ్య అనే కాపరి కనిపించాడు. సంగతి విని, మందను బాట పక్కన ఆపి, వెంట బయలుదేరాడు.

మొదటి పొదకు పోగు లేదు. రెండోదానికీ లేదు. గిడ్డయ్య వెనక్కి తిరిగి చూశాడు. ఒక నల్లమేక నోట తెల్లని కొస వేలాడుతోంది.

"అన్నా, ఆ దారానికి ఏమి పూసినావు?"

"పడుగు నూలప్పా. జొన్నగంజి పెట్టింటాది."

"ఇంగేమి. విందే పెట్టినావు."

సీతాఫలాలు పండే కాలం. పొద్దు వాలితే ఎలుగుబంట్లు పొదల్లోకి వస్తాయి. బసవన్న భార్యను పేరు పెట్టి పిలిచాడు. గుండ్లన్నీ నాలుగు దిక్కులనుంచి ఆ పేరునే తిరిగి చెప్పాయి. ఒక బండవైపు పరుగెత్తాడు; అది కాదు. మరొకటీ కాదు.

"నిలబడప్పా, నువ్వు కూడా తప్పిపోతావు" అని గిడ్డయ్య రెక్క పట్టుకున్నాడు.

నిలబడినప్పుడే బసవన్న నేల చూశాడు. తడి ఆరని మేకపెంటికలు. మేకలు ఒక పోగు తిని మరొక పోగు వెతుక్కుంటూ వచ్చి ఉంటే, తాను దిగిన దారి ఇదే. వంగి, ఆ జాడ పట్టుకుని పైకి నడిచాడు. జాడ చెదిరిన చోట వెనక్కి వచ్చి మళ్లీ వెతికాడు.

మహాదేవమ్మ చేతిలో రాయి పట్టుకుని పొదలవైపే చూస్తోంది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది.

"యాడ విన్నా నీ గొంతే. నువ్వు మాత్రం లేవు. ఇంతసేపా?"

"కట్టిన దారం మేకలు తినేసినాయి."

ఆమె భర్తను, కాపరిని మార్చి మార్చి చూసింది. ఇద్దరూ చేతులు పెనవేసి ఆమెను ఎత్తుకున్నారు.

"ఇంగో తూరి వచ్చేతప్పుడు నూలు తేవాకు."

"తేనీ అక్కా," అన్నాడు గిడ్డయ్య, "నా మేకలు ఎదురు సూస్తాంటాయి."

బసవన్న నవ్వలేదు. వెనక పొదల్లో ఏదో కదిలిన చప్పుడుకు చెవి ఒగ్గి, అడుగు పెంచాడు.